టముకు చెప్పని వార్త

“నమస్కారం! వార్తలు చదువుతున్నది టముకు. ముందుగా ముఖ్యాంశాలు. మూడో అంతస్తు పిల్లి మళ్లీ లిఫ్టులో ఇరుక్కుంది. డ్రాయింగ్ టీచర్ కొత్త గొడుగు కొన్నారు. పాత గొడుగు ఇంకా దొరకలేదు...”

“కాస్త నెమ్మదిగా చదువు. రైలు తప్పిపోతున్నట్టు ఆ పరుగేంటి?” అంది నిచ్చెన.

“ష్! నీ గొంతు కూడా రికార్డయిపోతోంది!”

శనివారం, ఒంటిపూట బడి అయిపోయి మధ్యాహ్నం పన్నెండు దాటింది. హాల్లో నేల మీద ఇద్దరు పిల్లలు బోర్లా పడుకున్నారు. వాళ్ల మధ్య నల్లటి పాత టేప్‌రికార్డర్. అద్దం మూత కింద క్యాసెట్ చక్రాలు నెమ్మదిగా తిరుగుతున్నాయి.

టముకు అసలు పేరు బడి రిజిస్టర్‌లో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఆ పదేళ్ల పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. ఎదురింట్లో ఫ్రిజ్ పాడైనా, బడిలో ఎవరికైనా పన్ను ఊడినా, సాయంత్రానికల్లా భవనమంతా తెలియాల్సిందే. “పూర్వం కబురు చెప్పాలంటే టముకు వేయించేవాళ్లు. మా అక్క వాళ్లింట్లో ఆ ఖర్చు లేదు” అని వాళ్ల మామయ్య ఒకసారి అన్నాడు. అంతే, ఆ పేరు నిలిచిపోయింది.

నిచ్చెన పక్క ఫ్లాట్ పిల్ల. తరగతిలో అందరికన్నా పొడుగు. ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ టేప్‌రికార్డర్ అటక మీద నుంచి దిగి రెండు రోజులే అయింది. టముకు వాళ్లమ్మ కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. గురువారం షాపు నుంచి రాగానే స్టూలెక్కి ఒక రేకు పెట్టె దించింది. అందులో టేప్‌రికార్డర్, అయిదు క్యాసెట్లు, చిక్కుపడ్డ వైర్లు, ఒక లావుపాటి కీబోర్డు ఉన్నాయి.

“ఇదే మా కంప్యూటర్” అంది అమ్మ.

“కంప్యూటర్ ఏదమ్మా? ఇది కీబోర్డే కదా!”

“కంప్యూటరంతా ఈ కీబోర్డు కడుపులోనే ఉంది.”

“మరి తెర?”

షాపు వెనక గదిలో మూలపడి ఉన్న చిన్న డబ్బా టీవీని అమ్మ ఓనర్‌నడిగి తెచ్చింది. దాన్ని చూపించింది.

“ఆటలు ఎక్కడుంటాయి?”

అమ్మ క్యాసెట్ల మీద చెయ్యేసింది. “వీటిలో.”

ఆ రోజు అమ్మ ఒక క్యాసెట్ టేప్‌రికార్డర్‌లో పెట్టి, వైరుతో కంప్యూటర్‌కి కలిపింది. అందులో గుహలో ఎగిరే గబ్బిలం ఆట ఉంది. అది తెర మీదకి రావడానికి ఆరు నిమిషాలు పడుతుందని చెప్పింది. ఆరు నిమిషాలు కదలకుండా కూర్చోవడం టముకు వల్ల అయ్యే పనా? ఈ వింత కబురు నిచ్చెనకి చెప్పాలి కదా! తలుపు వైపు పరిగెత్తింది.

“ఇందులో నేనూ మీ మామయ్యా కలిసి రాసిన ఆట కూడా ఉందే. అది మాత్రం ఆదివారం వాడొచ్చాకే. వాడు లేకుండా నేను చూడను” అని అమ్మ వెనక నుంచి అంది.

“ఊఁ, సరే!” అంది టముకు. అప్పటికే గుమ్మం దాటేసింది. ఆ మాట ఒక చెవిలోంచి దూరి రెండో చెవిలోంచి ఎగిరిపోయింది.

శనివారం అమ్మ షాపుకి వెళ్లింది. నాన్న రైలు డ్యూటీకి వెళ్లాడు. టేప్‌రికార్డర్‌కి ఎర్ర బటన్ ఒకటి ఉందనీ, దాన్నీ పక్క బటన్‌నీ కలిపి నొక్కితే గొంతు రికార్డవుతుందనీ టముకు కనిపెట్టింది. ఇంకేముంది, వార్తలు చదవాల్సిందే. కానీ క్యాసెట్ కావాలి.

పెట్టెలో నాలుగు క్యాసెట్లకి పేర్లున్నాయి. అయిదోదానికి లేదు. లేబుల్ ఊడిపోయి, ఎండిన జిగురు మరక మాత్రం మిగిలింది. టముకు దాన్ని పెట్టి నొక్కింది.

కీ...చ్! బర్ర్‌ర్‌ర్! కీచుకీచు బరబరబర!

ఇద్దరూ చెవులు మూసుకున్నారు.

“పాడైపోయింది” అంది టముకు.

“మీ అమ్మనడుగుదామా?”

“అమ్మ ఆరింటికి గానీ రాదు. అయినా పాడైన క్యాసెట్‌కి అడగడం దేనికి? దీని మీద పేరు కూడా లేదు. పేరు లేనిది ఎవరిదీ కాదు.”

నిచ్చెన ఇంకేదో అనబోయింది. కానీ ఎర్ర బటన్ తనకీ నొక్కాలనే ఉంది. ఇద్దరూ చెరో బటన్ మీద వేలు పెట్టి, ఒకటి, రెండు, మూడు అనుకుని నొక్కారు.

వార్తలు అయిదు నిమిషాలు సాగాయి. వాతావరణం కూడా చెప్పారు. తర్వాత వెనక్కి తిప్పి విన్నారు. “రైలు తప్పిపోతున్నట్టు” అన్న చోట కడుపు పట్టుకుని నవ్వారు. క్యాసెట్‌ని మళ్లీ మొదటికి తిప్పి, పెట్టెలో ఎక్కడిది అక్కడ పెట్టేశారు.

సాయంత్రం అమ్మ వచ్చింది. చేతులు కడుక్కుని, బ్యాగ్‌లోంచి అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తీసి, పెట్టె ముందు కూర్చుంది. ఆమె చెయ్యి నేరుగా అయిదో క్యాసెట్ మీదకే వెళ్లింది.

“ఇదే” అంది, దాని దుమ్ము తుడుస్తూ. “దీని మీద మీ తాతయ్య చేతిరాతతో పేరుండేది. అదెప్పుడో ఊడిపోయింది.”

టముకు దగ్గరికి జరిగింది.

“ఇదేంటమ్మా?”

“మొన్న చెప్పానుగా, మేం రాసిన ఆట. అప్పుడు నాకు పదకొండేళ్లు, వాడికి పది. మీ తాతయ్య బస్సు డ్రైవర్ కదా. టైపు నేర్పే స్కూలొకటి మూసేస్తుంటే అక్కడ ఈ కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. ‘దీంతో ఏం చేస్తారో నాకు తెలీదు, మీరే కనుక్కోండి’ అని మంచం మీద పెట్టాడు. మేం ఏం చేశామో తెలుసా? ఆయనకే ఒక బస్సు చేసిపెట్టాం.”

“బస్సు బొమ్మ గీశారా?”

“బొమ్మా పాడా! హెచ్ అక్షరం బస్సు. సున్నాలు గుంతలు. చుక్కలు ప్రయాణికులు. గుంతల్లో పడకుండా జనాన్ని ఎక్కించుకుంటూ పోవాలి. మాకైతే ఆ హెచ్‌లో కిటికీలు కూడా కనపడేవి.” అమ్మ నవ్వింది. “ఇరవై ఆరేళ్లు నిజం బస్సు నడిపి ఒక్క గుంతలో చక్రం దించని మనిషి, మా ఆటలో మాత్రం మొదటి గుంతలోనే పడేవాడు. పడి, మాకన్నా గట్టిగా నవ్వేవాడు.”

టముకు క్యాసెట్ వైపు వేలు చూపించింది. “ఆటేమో టీవీలో కదా. క్యాసెట్‌లో ఎలా ఉంటుంది?”

“శబ్దంగా మారి కూర్చుంటుంది. వైరు పెడితే కంప్యూటర్ ఒక్కటే వింటుంది. వైరు తీసి మనం విన్నామంటే, అబ్బో, చెవులు మూసుకోవాలి. కీచుకీచు, బరబర.” అమ్మ క్యాసెట్‌ని వెలుతురుకి పట్టి, కళ్లద్దం చూసినట్టు ఒక కన్ను మూసి చూసింది. “వేసవి సెలవులన్నీ కూర్చుని రాశాం. ఉన్నది ఈ ఒక్క కాపీయే.”

“ఇప్పుడు పెట్టి చూస్తావా?”

“ఊహూఁ. రేపు, వాడొచ్చాక.”

టముకు పెట్టె అంచు పట్టుకుని కూర్చుంది. అమ్మ తలెత్తి చూసి, నుదుటి మీద చెయ్యి పెట్టింది. “ఏమే, ఒంట్లో బాగాలేదా? టముకు మోగట్లేదేంటి?”

“ఏం లేదు” అని టముకు బయటికి జారుకుంది.

మెట్ల మీద కూర్చుని నిచ్చెనతో అంతా చెప్పింది. నిచ్చెన కళ్లు పెద్దవయ్యాయి.

“ఆ బరబరే ఆటంటావా?”

“అవునట.”

“మరి చెప్పెయ్.”

“చెప్పకపోతే?” టముకు గోడ మీద గోటితో గీస్తూ అంది. “అది పాతది కదా. రేపు లోడవకపోతే పాతబడి పాడైందనుకుంటారు. వైరు పెట్టాక శబ్దం బయటికి రాదు. మన వార్తలు ఎవరికీ వినపడవు.”

నిచ్చెన మోకాళ్ల మీద గడ్డం ఆనించింది. “అందులో నేను కూడా ఉన్నాను. ‘కాస్త నెమ్మదిగా చదువు’ అన్నాను” అంది చివరికి. లేచి, చెప్పులు టపటపమనిపించకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం పది గంటలకి మామయ్య వచ్చాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. భారీ మనిషి. ఎంత సబ్బు రుద్దినా గోళ్ల సందుల్లో గ్రీజు పోదు. ఎక్కడికెళ్లినా పనిముట్ల సంచి భుజాన ఉండాల్సిందే.

“ఏం కోడలు పిల్లా, ఈ వారం కబుర్లేంటి?”

“ఏమీ లేవు మామయ్యా.”

“ఏమీ లేవా? అక్కా, దీన్ని అర్జెంటుగా డాక్టర్‌కి చూపించు!”

అమ్మ నవ్వి, గది తలుపు తీసింది. బల్ల మీద కంప్యూటర్, డబ్బా టీవీ, టేప్‌రికార్డర్ సిద్ధంగా ఉన్నాయి. మామయ్య గుమ్మంలోనే ఆగాడు. సంచి నెమ్మదిగా కిందకి దించాడు. కీబోర్డు మీదకి వంగి వాసన చూశాడు.

“అదే వాసన అక్కా! వేడెక్కిన ప్లాస్టిక్ వాసన!”

“అడాప్టర్ ముట్టుకో. ఇటుకలా కాలుతోంది ఇప్పటికీ.”

“దీని మీద సాక్సులు ఆరబెట్టుకునేవాళ్లం గుర్తుందా? నాన్నకి తెలిసి...”

“నాన్నవీ తెచ్చి పెట్టాడు!”

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నవ్వారు. టముకు అలాగే చూస్తూండిపోయింది. అమ్మని ఎవరైనా తోయడం, అమ్మ తిరిగి తోయడం ఎప్పుడూ చూడలేదు.

“‘ఏ’ అక్షరం బటన్ అరిగిపోయిందే” అన్నాడు మామయ్య.

“నీ బొటనవేలు పుణ్యమే. బస్సుని ఎడమకి తిప్పీ తిప్పీ.”

“కుడిపక్క కుర్చీ నువ్వు ఆక్రమిస్తే నేనేం చెయ్యను?”

అమ్మ క్యాసెట్ పెట్టి వైరు కలిపింది. మామయ్య వేలెత్తి, “రూల్స్ వినండి. లోడయ్యే వరకు ఎవరూ నడవకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. తుమ్మకూడదు” అన్నాడు.

“తుమ్మితే ఏమవుతుంది?” అంది టముకు.

“ఏమీ అవదు. కానీ ఒకసారి మీ తాతయ్య తుమ్మినప్పుడే లోడవలేదు. అప్పట్నుంచి అది రూలు.”

అమ్మ బటన్ నొక్కింది. చక్రాలు తిరిగాయి. నీలం తెర మీద చిన్న తెల్ల గడి ఒకటి మిణుకుమిణుకుమంటోంది. అక్కాతమ్ముళ్లు భుజాలు ఆనించుకుని, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

రెండు నిమిషాలయింది. అయిదయింది. ఎనిమిదయింది. తెల్ల గడి అలాగే మిణుకుతోంది.

“టేపు చదివే హెడ్డు మీద మురికేమో” అంది అమ్మ. స్పిరిట్‌లో దూది ముంచి తుడిచింది. మళ్లీ మొదటి నుంచి పెట్టింది. రాలేదు. కళ్లద్దాల స్క్రూలు తిప్పే బుల్లి స్క్రూడ్రైవర్ తెచ్చి, టేప్‌రికార్డర్ లోపల వెంట్రుకవాసి తిప్పింది. మళ్లీ పెట్టింది. రాలేదు.

మామయ్య ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా దిగిపోయింది. కుర్చీలో వెనక్కి వాలి, తన పెద్ద చేతులు చూసుకున్నాడు.

“తప్పు నాదే అక్కా” అన్నాడు.

“నీదేంట్రా?”

“ఇల్లు మారినప్పుడు ఈ పెట్టెని నా దగ్గర పెట్టావు కదా. నేను మెట్ల కింద పడేశాను. ఆ వానలకి అక్కడంతా చెమ్మ. ‘జాగ్రత్తరా, నాన్న బస్సుంది అందులో’ అని చెప్పావు కూడా. తర్వాత తీద్దాంలే, తర్వాత తీద్దాంలే అని... రెండు నెలలు.”

“పోనీలేరా” అంది అమ్మ. కానీ తమ్ముడి వైపు చూడలేదు. క్యాసెట్ చక్రాల వైపే చూస్తోంది.

టముకు గోడకి ఆనుకుని నిలబడింది. ఇప్పుడు తను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడమే. ఎవరూ ఏమీ అడగట్లేదు. నేరం కూడా వేరే మనిషి నెత్తిన వేసుకున్నాడు. అంతా తను మెట్ల మీద అనుకున్నట్టే జరిగింది.

మామయ్య బొటనవేలితో అరిగిపోయిన ఆ బటన్‌ని నెమ్మదిగా రుద్దుతున్నాడు. అమ్మ ఆఖరిసారిగా టేపుని మొదటికి తిప్పి మళ్లీ నొక్కింది.

చెప్పాలి. టముకు నోరు తెరిచింది. పదేళ్లుగా అడక్కుండానే మోగిన గొంతు, ఇప్పుడు కావాలంటే పెగల్లేదు. ఇక లాభం లేదనుకుని బల్ల దగ్గరికి నడిచింది. చెయ్యి చాపి, టేప్‌రికార్డర్‌కి ఉన్న వైరు పట్టుకుని లాగేసింది.

“...డ్రాయింగ్ టీచర్ కొత్త గొడుగు కొన్నారు. పాత గొడుగు ఇంకా దొరకలేదు...”

“కాస్త నెమ్మదిగా చదువు...”

అమ్మా మామయ్యా ఒకేసారి టముకు వైపు తిరిగారు.

“మామయ్య తప్పు కాదు” అంది టముకు. కన్నీళ్లు ముక్కు దాకా జారాయి. “నాది. నిన్న రికార్డు చేశాను. పాడైంది అనుకున్నాను. బరబరమంటే... పాడైంది అనుకున్నాను.”

మామయ్య టేపు ఆపబోయాడు. అమ్మ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. వార్తలన్నీ విన్నది. పిల్లి, గొడుగు, వాతావరణం, అన్నీ. “ఇంతటితో వార్తలు సమాప్తం” అన్నాక టిక్ మని ఒక చప్పుడు. ఆ వెంటనే...

కీచుకీచు బరబరబర!

మిగిలిపోయిన ఆట. తల తెగిపోయి, తోక మాత్రం బతికి ఉన్న ఆట.

టముకు చెవులు మూసుకోలేదు. అమ్మ కళ్లు మూసుకుంది. “ఇది గుంతల భాగమేమోరా” అంది మెల్లిగా.

“అవునక్కా. ఆ కిర్రు కిర్రు... అదే” అన్నాడు మామయ్య.

ఒకటిన్నర నిమిషం తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది. అమ్మ లేచి బాల్కనీలోకి వెళ్లిపోయింది.

టముకు కొంచెంసేపు ఆగి, వెనకే వెళ్లింది. అమ్మ రెయిలింగ్ పట్టుకుని కింద వీధిలోకి చూస్తోంది. ఎవరో సైకిల్ చెయిన్ ఎక్కించుకుంటున్నారు.

“అమ్మా...”

“పాడైంది అనుకున్నావు. అది నాకర్థమైంది” అంది అమ్మ తల తిప్పకుండా. “నిన్న సాయంత్రం నేను చెప్పినప్పుడు నీకు తెలిసిపోయింది కదా. అప్పుడెందుకు చెప్పలేదు?”

“నువ్వు తాతయ్య గురించి నవ్వుతూ చెప్తున్నావు. అప్పుడు... చెప్పబుద్ధి కాలేదు.”

అమ్మ రెయిలింగ్ మీద మోచేతులు ఆనించింది. “నాకు కోపంగానే ఉంది. కాసేపు ఉండనీ” అంది.

టముకు అక్కడే నిలబడింది. ఏం చెయ్యాలో తోచలేదు. లోపలి నుంచి టకటకమని బటన్ల చప్పుడు వినపడింది.

“అక్కా!” మామయ్య కేకేశాడు. “ఆటని మళ్లీ రాస్తున్నా. పదో లైను, తెర తుడవాలి. ఇరవై, బస్సు రోడ్డు మధ్యలో పెట్టాలి. ముప్ఫైలో ఏంటి?”

లోపల మళ్లీ బటన్లు టకటకమన్నాయి.

“ముప్ఫైలో రోడ్డు గియ్యాలి కదూ?”

“ముప్ఫై కాదురా!” అంది అమ్మ వీధిలోకి చూస్తూనే. “ముందు ఇరవై అయిదు. స్కోరు సున్నా చెయ్యాలి. ఎప్పుడూ అదే మర్చిపోతావు.”

“ఆఁ, తర్వాత?”

“తర్వాత...” అమ్మ ఇటు తిరిగింది. “ఉండు, వస్తున్నా. నువ్వు ముట్టుకుంటే ఇవాళ కూడా స్కోరు కోటి చూపిస్తుంది.”

మామయ్య బొటనవేళ్లు ఒకేసారి రెండు బటన్ల మీద పడుతున్నాయి. “కోడలు పిల్లా, నువ్వు కొట్టు. మేం చెప్తాం” అన్నాడు. టముకు అమ్మ వైపు చూసింది. అమ్మ ఒక క్షణం ఆగి, కుర్చీ జరిపింది.

అక్షరాలు సగం అరిగిపోయాయి. ‘ఏ’ ఎక్కడ, ‘ఎస్’ ఎక్కడ అని వెతుక్కుంటూ టముకు ఒక్కో వేలితో కొట్టింది. ఒక చోట చుక్క మర్చిపోతే కంప్యూటర్ తప్పు తప్పని మొత్తుకుంది. ఒకసారి బస్సు రోడ్డు వదిలేసి తెర బయటికి పోయింది. మరోసారి ప్రయాణికులంతా గుంతల్లో నిలబడ్డారు.

“పాపం, బస్ స్టాప్ అక్కడే ఉందేమో” అంది టముకు మెల్లిగా. మామయ్య పకపకా నవ్వాడు. అమ్మ కూడా పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది.

కొన్ని లైన్లు ఇద్దరికీ గుర్తొచ్చాయి. కొన్ని ఒకళ్లకే. కొన్ని ఎవరికీ గుర్తు రాలేదు. వంద పాయింట్లకి ఏమయ్యేదో ఎంత తన్నుకున్నా తట్టలేదు. అక్కడ ఖాళీ వదిలేశారు.

“గుంతలో పడ్డాక ఏం వచ్చేది?” అన్నాడు మామయ్య.

“దిగండి, నడవండి.”

“కాదక్కా. ‘దిగండి’ వరకు కరెక్టే.”

ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఒక్కసారిగా ఇద్దరి నోటి వెంటా వచ్చింది.

“దిగి తొయ్యండి!”

తాతయ్యకి అది ఊతపదమట. ఫ్యాన్ ఆగినా, సైకిల్ ఆగినా, పిల్లల లెక్క మధ్యలో ఆగినా “దిగి తొయ్యండి” అనేవాడట. ఆ కంప్యూటర్‌కి తెలుగు రాదు. అందుకని ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటని టముకు ఒక్కొక్కటిగా కొట్టింది.

సాయంత్రం అయిదింటికి ఆట నడిచింది. తెల్లటి రోడ్డు పైకి జరుగుతోంది. మధ్యలో హెచ్. అమ్మ కుడి చేత్తో, మామయ్య ఎడమ చేత్తో ఒకే బస్సుని నడిపారు. ముగ్గురు ప్రయాణికుల్ని ఎక్కించుకున్నారు. నాలుగో మనిషి కోసం తిప్పబోయి గుంతలో పడ్డారు.

తెరంతా ఖాళీ అయి, మధ్యలో ఆ మాట వచ్చింది. దిగి తొయ్యండి.

అమ్మ నవ్వింది. నవ్వుతూనే, మెత్తటి గుడ్డ తీసి కళ్లు ఒత్తుకుంది.

“ఇది అది కాదు” అంది కాసేపటికి. “అప్పటి రోడ్డు ఇంకా వంకరగా ఉండేది. అది మళ్లీ రాదు.”

“తెలుసమ్మా” అంది టముకు.

అమ్మ ‘పర్లేదు’ అనలేదు. టముకుని దగ్గరికి లాక్కుని, కీబోర్డు ఒళ్లో పెట్టింది. “నీ వంతు. కిటికీలు కనపడుతున్నాయేమో చూడు.”

కంప్యూటర్ ఆపేసినా ఆట మళ్లీ పోకుండా టేపు మీద దాచాలి. అదే క్యాసెట్ వెనక వైపు ఖాళీగా ఉందని అమ్మ గుర్తు చేసుకుంది. మామయ్య క్యాసెట్ తిప్పిపెట్టి, ఎర్ర బటన్ మీద వేలేశాడు.

“ఆగు మామయ్యా” అంది టముకు. “ముందు మొత్తం విందాం.”

“ఏమీ లేదే అందులో.”

“వింటే తెలుస్తుంది కదా.”

వెనక వైపు అరగంట టేపు ఉంది. కంప్యూటర్‌ని కదపకుండా, వైరు తీసి పక్కన పెట్టి, టముకు టేప్‌రికార్డర్‌కి చెవి ఆనించి కూర్చుంది. సన్నటి గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అయినా లేవలేదు. మధ్యలో నిచ్చెన తలుపు తట్టి తొంగి చూస్తే, నోటి మీద వేలు పెట్టి పక్కన కూర్చోమని సైగ చేసింది. టేపు చివర టక్కుమని ఆగాక, “ఏమీ లేదు. ఇప్పుడు నొక్కు మామయ్యా” అంది.

ఆట దాచడం అయ్యాక మామయ్య స్క్రూడ్రైవర్‌తో క్యాసెట్ అంచున ఉన్న రెండు బుల్లి ప్లాస్టిక్ ముక్కలూ విరిచేశాడు. అవి లేకపోతే ఇక దాని మీద ఎవరూ రికార్డు చెయ్యలేరట.

“రెండోది కూడా ఎందుకు విరిచావు? అటు పక్క మా వార్తలే కదా ఉన్నాయి” అంది టముకు.

“ఉండనియ్యవే. గొడుగు దొరికిందో లేదో ఎప్పటికైనా తెలియాలి కదా” అంది అమ్మ.

సోమవారం బడిలో బోర్డు తుడిచే వంతు టముకుది. మొదటి బెల్ కొట్టేశారు. శనివారం నాటి లెక్కలు బోర్డంతా ఉన్నాయి. టముకు డస్టర్ తీసుకుని పై నుంచి తుడుచుకుంటూ వచ్చింది. కింద మూలకి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

అక్కడ వంకరటింకరగా ఒక వరసలో అంకెలున్నాయి. వాటికి ముందూ వెనకా ఏమీ లేదు. అది టీచర్ రాత కాదు.

“తుడిచెయ్, టీచర్ వచ్చేస్తున్నారు!” అన్నారు ముందు బెంచీ వాళ్లు. “ఎవరో పిచ్చి గీతలు గీశారు.”

“ఇది రాసిందెవరు?” అంది టముకు. తరగతిలో ఎవరూ కాదన్నారు. డస్టర్ చేత్తోనే పట్టుకుని వరండాలోకి పరిగెత్తింది. పక్క తరగతిలో అడిగింది. వాళ్లకీ తెలీదు. వరండా చివర ఆయమ్మ చీపురుతో చెత్త పోగు చేస్తోంది.

“ఆయమ్మా, మా బోర్డు మీద అంకెలు మీరేమైనా రాశారా?”

ఆయమ్మ చీపురు కింద పడేసింది. “అయ్యో! తుడిచేశావా నాన్నా?”

“లేదు, లేదు! ఉంది.”

ఆయమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని గోడకి ఆనుకుంది. ఓడలో పనికి వెళ్లిన ఆమె కొడుకు చాలా రోజుల తర్వాత పొద్దున్నే, ఆ తరగతి ఊడుస్తుండగా ఫోన్ చేశాడట. కొత్త నంబర్ గబగబా చెప్పి పెట్టేశాడట. చేతిలో కాగితం లేక, ఎదురుగా ఉన్న బోర్డు మీద సుద్దతో రాసుకుందట. ఈలోగా ఎవరో పిలిస్తే వెళ్లిపోయిందట.

టముకు నోట్‌బుక్‌లోంచి కాగితం చింపింది. ఇద్దరూ బోర్డు ముందు నిలబడ్డారు. ఆయమ్మ ఒక్కో అంకె చదివింది, టముకు రాసింది. తర్వాత టముకు చదివింది, ఆయమ్మ బోర్డు మీద వేలు పెట్టి సరిచూసుకుంది. టీచర్ వచ్చి గుమ్మంలో నిలబడిన సంగతి ఇద్దరూ గమనించలేదు.

ఆయమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది.

టముకు డస్టర్ ఎత్తింది. అంకెల దగ్గర చెయ్యి ఆపి, వెనక్కి తిరిగింది.

“ఇప్పుడు తుడిచెయ్యనా, ఆయమ్మా?”

“ఉండమ్మా, ఇంకొక్కసారి చూసుకుంటా” అంటూ ఆయమ్మ మళ్లీ పర్సు తెరిచింది.

“చూసుకోండి” అంది టముకు, డస్టర్ దించి.